బ్రేకు నోరు మూయించిన తారీఖ్

“యే తేల్ కీ ఆవాజ్ హై,” అన్నాడు అబ్బా, మంచం మీంచి లేవకుండానే. ఇది నూనె చేసే చప్పుడు అని.

మావాడు అప్పుడే సైకిల్ని గేటు లోపలికి తోస్తున్నాడు. ముందు చక్రం దగ్గర గొంతు పట్టుకుని పిసికినట్టు ఒక కీచు అరుపు. వాడి మోకాలు గీసుకుపోయి ఉంది, ప్యాంటు నిండా ఇసుక. ఏం జరిగిందో వాడింకా నోరు విప్పలేదు. నేనూ బేగమూ మోకాలు చూసి పరేషాన్ అవుతుంటే, డెబ్బై ఎనిమిదేళ్ల అబ్బా సైకిల్ గొంతు విని రోగం చెప్పేశాడు.

జరిగింది ఇదీ. వాడి సైకిల్‌కు రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. వారం రోజులుగా ముందు బ్రేకు పట్టినప్పుడల్లా టోలీచౌకీ గల్లీ అంతా తలలు తిప్పి చూసేలా అరుస్తోంది. దోస్తులు నవ్వుతున్నారట. తలుపులు కిర్రుమంటే నూనె వేస్తాం కదా, ఇదీ అంతే అనుకుని ఇంట్లో ఉన్న స్ప్రే నూనె డబ్బా తీసి డిస్కు మీద నిండా కొట్టేశాడు. అరుపు ఆగింది. దాంతోపాటు బ్రేకు కూడా పని మానేసింది. షేక్‌పేట వైపు దిగే ఉతార్లో లీవర్ని హ్యాండిల్‌కు ఆనేదాకా నొక్కినా ముందు చక్రం తన దారిన తాను పోతూనే ఉంది. వెనక బ్రేకు ఎంతో కొంత పట్టింది. కాళ్లు నేలకు రాసి, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లెవరో రోడ్డు పక్కన పోసుకున్న ఇసుక కుప్పలోకి తిప్పాడు. అల్లా కా షుకర్, మోకాలితో పోయింది. ఇల్లు చేరేసరికి డిస్కు మీది నూనె సగం కాలి, ఆ అరుపు మళ్లీ లేచింది, ముందుకన్నా ఘోరంగా.

సైకిళ్లు అమ్మే దుకాణానికి తీసుకెళ్తే, “డిస్కు, ప్యాడ్లు రెండూ మార్చాలి సార్, వీటిని బాగు చేయడం ఉండదు” అన్నారు. సైకిల్ ఇంటికి తిరిగొచ్చింది. అబ్బా డిస్కుని వేలితో తాకకుండా, కళ్లజోడు పైకెత్తి అటూ ఇటూ చూశాడు. “లోహా మరా నహీఁ, బీమార్ హై,” అన్నాడు. ఇనుము చావలేదు, జబ్బు చేసిందంతే అని.

అబ్బా మాట మీద నాకు నమ్మకం ఎందుకో చెప్పాలి. వరంగల్‌లో మండీ బజార్ పక్క గల్లీలో అబ్బాకి సైకిల్ టాక్సీ ఉండేది. ఇప్పటి పిల్లలకు టాక్సీ అంటే కారు. మా చిన్నప్పుడు సైకిల్ టాక్సీ అంటే గంటకింత అని సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం. వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో నంబరు, పలక మీద తీసుకెళ్లినవాడి పేరు, టైము. నేను ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి ఆ పలక మీదే లెక్కలు నేర్చుకున్నా. ఆ నల్లటి సైకిళ్లకు బ్రేకు తీగ ఉండేది కాదు. హ్యాండిల్ కింద నుంచి ఇనుప కమ్మీలు దిగి, గుర్రపు నాడాలా వంగిన ఒక ముక్కను పైకి లాగేవి. దాని రెండు కొసలకు ఉన్న రబ్బరు ముక్కలు రిమ్ము లోపలి వైపు ఒత్తుకునేవి. ఎండాకాలం బాగానే ఆగేవి. వానాకాలం మాత్రం తడిసిన ఇనుప రిమ్ము మీద రబ్బరు జారిపోయేది. ఆగాల్సిన చోటు ఇరవై అడుగులు దాటాక ఆగేవి.

దుకాణంలో రెండు గుడ్డలుండేవి. నల్లది చెయిన్‌కి, తెల్లది రిమ్ముకి. చెయిన్ గుడ్డతో రిమ్ము తుడిచిన షాగిర్ద్ చెవి ఎర్రబడేది, తుడిచింది కొడుకైనా సరే. బ్రేకు రబ్బరు నున్నగా, అద్దంలా తయారైతే అబ్బా దాన్ని పారేసేవాడు కాదు. దుకాణం ముందున్న షాబాద్ బండ మీద నాలుగు గీతలు గీసి, పైపొర లేపి, మళ్లీ బిగించేవాడు. అప్పుడు పట్టేది బ్రేకు. బండ మీద నల్లగా పడిన ఆ గీతలు దుకాణం ఎత్తేసే రోజు వరకూ అలాగే ఉన్నాయి.

“పంచర్ వాలే” అని మనల్ని ఎకసెక్కం చేసేవాళ్లున్నారు, మీకు తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం కన్నా ముందు ఆ బండ గుర్తొస్తుంది. ఉతార్లో బిడ్డ ప్రాణం నిలబెట్టే హునర్ని తిట్టుగా వాడేవాడికి బ్రేకు అంటే ఏమిటో తెలియదనుకుంటా. సరే, ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తా. చెప్పాలనుకున్నది వేరే తారీఖ్.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విలేఖరి రోగం ఒకటుంది కదా, ఏది చూసినా ‘ఇది ఎప్పటిది, ఎవరి పని’ అని తవ్వడం. బ్రేకు ఎందుకు అరుస్తుందని మొదలుపెడితే అది నన్ను ఇంగ్లాండులోని ఒక మిల్లు కార్మికురాలి సమాధి దాకా తీసుకెళ్లింది.

మొదట సైకిల్‌కి బ్రేకు అంటే ఒక ఇనుప చెంచా. ముందు చక్రం మనిషంత ఎత్తుండే పాత సైకిళ్లకు గట్టి రబ్బరు టైర్లుండేవి. లీవర్ నొక్కితే చెంచా లాంటి ముక్క వచ్చి టైరు మీదే ఒత్తుకునేది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బోయ్డ్ డన్‌లప్ అనే పశువుల డాక్టర్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి టైరు తయారుచేశాడు. కొడుకు ఒళ్లు కుదుపులకు హూనం కాకూడదని ఒక తండ్రి చేసిన పని అది. గాలి టైరు వచ్చాక చెంచా బ్రేకుకు కాలం చెల్లింది. టైరునే గీరుకుపోయే బ్రేకు ఎవరిక్కావాలి? బ్రేకు టైరు మీంచి రిమ్ము మీదికి మారింది. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ తన తీగకు పేటెంటు తీసుకున్నాడు. గొట్టం లోపల తీగ జారే ఈ ఏర్పాటే నేటికీ మన సైకిళ్ల బ్రేకుల్లో ఉంది.

ఇక్కడ ఒక మాట గమనించండి. రిమ్ము మీద పట్టే బ్రేకు కూడా ఒక రకంగా డిస్క్ బ్రేకే. తిరిగే గుండ్రటి లోహాన్ని రెండు వైపుల నుంచీ రెండు ముక్కలు బిగబట్టడమే కదా పని. చక్రమే డిస్కు, అంతే తేడా. అబ్బా యాభై ఏళ్లు చేసింది ఆ పనే. కాబట్టి కొత్త సైకిల్ ఆయనకు కొత్తగా అనిపించకపోవడంలో వింత లేదు.

చక్రం కాకుండా విడిగా ఒక పల్చటి రేకును పెట్టి, దాన్ని దవడల్లాంటి వాటితో కొరికించాలన్న ఆలోచన కార్లలో వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో కార్లు తయారుచేసిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మావాడి సైకిల్‌కున్నదీ అదే. కానీ ఆ జమానాలో దవడలకు తొడగడానికి సరైన సామాను లేదు. రాగి ముక్కలు పెట్టాడు. రాగి త్వరగా అరిగింది. అంతకన్నా పెద్ద బాధ, లోహం మీద లోహం రాసుకుని చెవులు చిల్లులు పడే షోర్. మా గల్లీలో పిల్లలు నవ్విన అరుపు నూట ఇరవై ఏళ్ల పాతదన్నమాట.

ఆ అరుపుని ఆపినవాడు డెర్బీషైర్ కొండల మధ్య చాపెల్-ఎన్-లె-ఫ్రిత్ ప్రాంతంలో ఉండేవాడు. పేరు హెర్బర్ట్ ఫ్రూడ్. ఆ కొండ దారుల్లో బరువు బండ్లు దిగుతున్నప్పుడు కట్టె బ్రేకు చాలక, బండివాళ్లు ఒక పాత బూటును చక్రానికి, కట్టెకు మధ్య ఇరికించేవాళ్లట. అది చూసి ఇంతకన్నా మంచి బూటు తయారుచేయొచ్చు కదా అనుకున్నాడు. 1897లో కంపెనీ పెట్టాడు. తన ఇంటిపేరు అక్షరాలను అటూ ఇటూ మార్చి, బేగమ్ ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరాన్ని కలిపి దానికి ఫెరోడో అని పేరు పెట్టాడు. భార్యకు కంపెనీలో ఒక్క అక్షరం వాటా ఇచ్చాడని నేనంటే మా బేగమ్ ఒప్పుకోలేదు, “కనీసం అదన్నా ఇచ్చాడు” అంది.

మొదట్లో గుడ్డనీ ఒంటె వెంట్రుకలనీ జిగురులో ముంచి బ్రేకు ముక్కలు చేశారు. కార్లు బరువెక్కి వేగం పెరిగేసరికి అవి కాలిపోయేవి. లాంచెస్టర్ పేటెంటు తర్వాత ఐదారేళ్లకే ఫ్రూడ్ దానికి మందు కనిపెట్టాడు. ఆస్బెస్టాస్. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో రాతినార అని రాసేవాళ్లే, అది. చూడ్డానికి దూదిలా ఉంటుంది, దారం తీసి గుడ్డ నేయొచ్చు, నిప్పులో వేస్తే కాలదు. మన దగ్గర కూడా కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్వి తీశారు. దాన్ని బ్రేకు ముక్కల్లో కలిపేసరికి అరుపు తగ్గింది, అరుగుదల తగ్గింది, వేడికి తట్టుకుంది. బ్రేకు నోరు మూతపడింది. ప్రపంచమంతా ఖుష్.

ఈ ఖామోషీ కీమత్ కట్టినవాళ్ల హిసాబ్ మాత్రం చాలా ఏళ్లదాకా ఎవరూ రాయలేదు. రాతినారను దారంగా వడకాలి, నేయాలి, కోయాలి. ఆ పనిలో కంటికి కనపడని నూగు లేస్తుంది. లాంకషైర్‌లోని రాచ్‌డేల్‌లో టర్నర్ బ్రదర్స్ అనే ఆస్బెస్టాస్ మిల్లులో నెల్లీ కెర్షా దారం వడికే పని చేసేది. ఊపిరి అందక మంచం పట్టింది. డాక్టరు ఆస్బెస్టాస్ దుమ్ము వల్లే అని రాసిచ్చాడు. కంపెనీ ఒప్పుకోలేదు. పైసా హర్జానా ఇవ్వలేదు. ఒప్పుకుంటే రేపు ఇంకొకరు అడుగుతారని వాళ్ల భయం. 1924 మార్చి 14న ముప్పై మూడేళ్ల వయసులో ఆమె చనిపోయింది. విలియం కుక్ అనే డాక్టర్ ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. లోపల రాతి ముక్కలు. ఆ ఏడాదే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆస్బెస్టాస్ వల్ల పోయిన ప్రాణమని వైద్య పత్రికలో నమోదైన మొదటి మరణం ఆమెదే. ఆమెను సమాధి చేసిన చోట పేరు చెక్కిన రాయి కూడా పెట్టలేదు. ఫ్రూడ్ కంపెనీ ఫెరోడో ఆ దశాబ్దంలోనే ఆ మిల్లువాళ్ల గొడుగు కిందికి వెళ్లింది.

1931లో బ్రిటన్ ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల్లో దుమ్ము మీద కాయిదాలు పెట్టింది. పూర్తిగా వాడకం ఆపింది 1999లో. నెల్లీ పోయిన డెబ్బై ఐదేళ్లకు. మన దేశంలో 1995 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం ఉంచాలని. ఎందుకంటే ఆ జబ్బు ఇరవై ముప్పై ఏళ్లు లోపల దాక్కుని బయటపడుతుంది. ఆ తీర్పు చదువుతుంటే నాకు ఫ్యాక్టరీ కనపడలేదు, మండీ బజార్ గల్లీ కనపడింది. గల్లీ మెకానిక్‌కు ఏ ఫ్యాక్టరీ, ఏ రిజిస్టరు?

సైకిల్ టాక్సీలకు గిరాకీ తగ్గాక అబ్బా లూనాలు, స్కూటర్లు కూడా చేశాడు. స్కూటర్ చక్రం విప్పి, బ్రేకు డ్రమ్మును నేలకేసి రెండుసార్లు తట్టి, లోపల మిగిలిన బూడిద రంగు దుమ్మును నోటితో ‘ఫూ’ అని ఊదేవాళ్లు. ఊదాక దగ్గు, దగ్గాక నవ్వు, మళ్లీ పని. అరిగిన లైనర్లను రేగ్‌మాల్‌తో రుద్దేవాళ్లు. (రేగ్ అంటే ఇసుక. సాండ్ పేపర్ అనడం కన్నా ఈ మాట నాకు ఇష్టం, రుద్దే చప్పుడు ఇందులోనే ఉంది.) అబ్బా షాగిర్దుల్లో ఒకతను యాభై దాటకుండానే నాలుగు మెట్లు ఎక్కలేకపోయేవాడు. డాక్టర్ బీడీలు మానేయమన్నాడు. ఏ దుమ్ములో పని చేశావని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో? “సైకిల్ దుకాణం సాబ్” అనేవాడు, అంతే.

డిస్కు మళ్లీ ఎలా లేచిందో చెప్పి ఇంటికి వస్తా. కార్లలో చాలాకాలం డ్రమ్ములే నడిచాయి. 1953లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ వాళ్ల డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ గెలిచింది. కొడుకు సైకిల్ కోసం టైరు చేసిన డన్‌లప్ పేరు మీద నడిచిన కంపెనీయే అది. డ్రమ్ము లోపల వేడి చిక్కుకుంటుంది, గంటల తరబడి వాడితే పట్టు తగ్గుతుంది. డిస్కు గాలిలో తిరుగుతూ చల్లబడుతుంది. 1969లో హోండా సీబీ 750 మోటార్ సైకిల్ ముందు చక్రానికి వచ్చింది. సైకిల్ మీద 1970ల్లో ఒకరిద్దరు ప్రయత్నించినా నిలబడలేదు. నిలబెట్టింది కొండ సైకిళ్లు. బురదలో, వానలో రిమ్ము బ్రేకు ఎలా జారుతుందో అబ్బా వానాకాలం సైకిళ్ల నాటి నుంచీ తెలిసిందే. చక్రం అంచు బురదలో ఉంటుంది, మధ్యభాగం నేలకు దూరంగా ఉంటుంది. కాబట్టి బ్రేకును ఇరుసు దగ్గరికి తెచ్చేశారు. ఇంగ్లాండులో బార్నోల్డ్స్‌విక్ అనే చిన్న ఊళ్లో విమాన ఇంజన్ల పని తెలిసిన ఇద్దరు కారీగర్లు తమ సైకిళ్ల కోసమే డిస్కులు చేసుకుని, హోప్ అనే కంపెనీ నడిపారు. ఇదీ లాంకషైరే. నెల్లీ పని చేసిన రాచ్‌డేల్‌కు పెద్ద దూరం కాదు.

రోడ్డు పందేలవాళ్లు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. 2016 ఏప్రిల్‌లో పారిస్-రూబె పందెంలో ఫ్రాన్సిస్కో వెంతోసో అనే రైడర్ కాలు తెగింది. డిస్కే కోసిందని ఆయన బహిరంగంగా లేఖ రాశాడు. ప్రపంచ సైక్లింగ్ సంఘం ఆ ట్రయల్‌ను ఆపేసింది. తర్వాత డిస్కు అంచులు గుండ్రంగా ఉండాలని షరతు పెట్టి మళ్లీ మొదలుపెట్టి, 2018 జూలై నుంచి పూర్తిగా ఇజాజత్ ఇచ్చింది.

సరే, మా డిస్కు. ఆదివారం పొద్దున వాకిట్లో గోనెపట్టా పరిచి కూర్చున్నాం, మూడు తరాలు. అబ్బా ముందుగా రెండు గుడ్డలు అడిగాడు. ఒకటి తెల్లది.

చక్రం విప్పగానే బ్రేకు దవడల మధ్య అట్టముక్క పెట్టాం. ఎందుకంటే ఇది లోపల నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకు. చక్రం లేనప్పుడు ఎవరైనా లీవర్ నొక్కితే దవడలు మూసుకుపోతాయి, మళ్లీ తెరవడం తలనొప్పి. డిస్కుని పట్టుకున్న ఆరు స్క్రూలూ నక్షత్రం తల ఉన్నవి, దానికి వేరే కీ కావాలి. డిస్కు మీద సన్నటి అక్షరాల్లో కనీస మందం 1.5 అని చెక్కి ఉంది. కొత్తది 1.8 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే దాని ఆయుష్షు మొత్తం ఆ మూడు పదుల వంతు. వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలిచాను, 1.7. అబ్బా కొలవనక్కర్లేదన్నట్టు చూశాడు. కారు డిస్కుల్లా దీన్ని లేత్ మీద చెక్కించడం కుదరదు, చెక్కడానికి అంత మాంసం లేదు. 1.5 దాటితే మాత్రం దుకాణంవాళ్ల మాటే నిజం, మార్చాల్సిందే.

మొదట గిన్నెలు తోమే సబ్బుతో కడిగాం. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, తెల్ల గుడ్డతో. గుడ్డ మీద నల్లటి జిడ్డు దిగింది. గుడ్డ మడత మార్చి మళ్లీ, మళ్లీ. అప్పుడు కనపడింది అసలు జబ్బు. డిస్కు మీద కొన్నిచోట్ల అద్దంలా మెరుపు, కొన్నిచోట్ల మచ్చలు. బ్రేకు పట్టేది ఉక్కును నేరుగా కొరికి మాత్రమే కాదు. ప్యాడ్ సామాను కొంచెం కొంచెంగా డిస్కు మీదికెక్కి కంటికి ఆనని పల్చటి పొర అవుతుంది. ఆ పొర మీద ప్యాడ్ రాసుకుంటేనే పట్టు. పొర అంతటా ఒకేలా ఉండాలి. మచ్చలు మచ్చలుగా ఉంటే డిస్కు వణుకుతుంది, ఆ వణుకే అరుపు. ఇప్పుడు ఆ పొరలోకి నూనె దిగింది కాబట్టి దాన్ని తీసేసి కొత్తది ఎక్కించాలి.

రేగ్‌మాల్ 220 నంబరుది తెచ్చాను. అబ్బా దాన్ని రెండు వేళ్ల వెడల్పు ముక్క చింపి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దడం మొదలుపెట్టాడు. ఒక వైపు ఎన్ని చుట్లో రెండో వైపు అన్నే. గట్టిగా కాదు, పైపొర లేచేంత. షాబాద్ బండ మీది నాలుగు గీతలకి ఇది మనవడు. మెరుపు పోయి డిస్కు అంతా ఒకే మసక రంగులోకి వచ్చింది. రుద్దిన దుమ్ము డిస్కు బెజ్జాల్లో నిలిచింది. అబ్బా అలవాటుగా దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు, ఊదడానికి.

నేను చేయి అడ్డం పెట్టాను. ఇప్పటి సైకిల్ ప్యాడ్లలో రాతినార కలపరు, అయినా ఏ బ్రేకు దుమ్మూ ఊపిరిలోకి పోవాల్సింది కాదు. తడి గుడ్డతో తుడిచి తీయాలి, ఊదకూడదు. కరోనా నాటి మాస్కులు ఇంకా మిగిలున్నాయి, ఆయనకొకటి పెట్టి నేనొకటి పెట్టుకున్నా. “అరవై ఏళ్ల తర్వాత నేర్పుతున్నావా?” అన్నాడు. అప్పుడు నెల్లీ కెర్షా సంగతి చెప్పాను. మిల్లు, దారం, హర్జానా ఇవ్వకపోవడం, రాయి లేని సమాధి. అబ్బా చేతిలో రేగ్‌మాల్ ఆగింది. “ఆ పిల్ల పేరేంటన్నావ్?” అని మళ్లీ అడిగాడు. చెప్పాను. కాసేపటికి తన షాగిర్ద్ పేరు పలికాడు, నన్ను చూసి కాదు, గేటు వైపు చూస్తూ. తడి గుడ్డ అడిగి తీసుకున్నాడు.

ప్యాడ్ల విషయంలో తప్పు నాది. నూనె తాగిన ప్యాడ్లను వేడి చేస్తే నూనె కాలిపోతుందని ఎవరో చెబితే రోటీల పెనం మీద పెట్టాను. వంటిల్లంతా పొగ, పాడు వాసన. బేగమ్ ఆ పెనాన్ని ఇక ముట్టనంది, కొత్తది కొనాల్సి వచ్చింది. ప్యాడ్లు చల్లారాక చూస్తే వాటికి నూనె అలాగే ఉంది. రెజిన్‌లో కలిపి చేసిన ప్యాడ్ స్పంజి లాంటిది, లోపలికి తాగిందంటే వదలదు. డిస్కుని బతికించొచ్చు కానీ వాటిని కాదు. కొత్తవి కొన్నాం. డిస్కు మీద ‘రెజిన్ ప్యాడ్లు మాత్రమే’ అని రాసి ఉండటం చూసుకుని మరీ. లోహపు ప్యాడ్లు వేస్తే ఈ ఉక్కు తొందరగా అరుగుతుంది.

మళ్లీ ఒకసారి ఆల్కహాల్‌తో తుడిచి, స్క్రూలను వరసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాం. చక్రం తిప్పితే ఒకచోట డిస్కు ప్యాడ్‌కు తగిలి ‘చిక్’ మంటోంది. ఇసుక కుప్పలో పడ్డప్పుడు సొట్ట పడ్డట్టుంది. ఇక్కడ నేను లేచి పక్కకు జరిగాను. బెండ్ తీయడం అబ్బా పని. సర్దుబాటు పానా నోటిని ఆల్కహాల్‌తో తుడిచి, డిస్కుని పట్టుకుని, చెవి దగ్గర పెట్టి, వెంట్రుకవాసి వంచడం, తిప్పడం, వినడం, మళ్లీ వంచడం. మావాడు ఊపిరి బిగబట్టి చూశాడు. చక్రం తిరుగుతుండగా వేలు పెట్టబోతే మాత్రం దాదా వాడి చేతి మీద ఒక్కటిచ్చాడు. ఆ బెజ్జాల్లో వేలు ఇరుక్కుంటే కోసేస్తుంది. అదీగాక వేలి జిడ్డు కూడా నూనే.

కొత్త ప్యాడ్ వేసిన వెంటనే బ్రేకు పట్టదు, ఇది చాలామందికి తెలియదు. పొర ఎక్కించాలి. బండ్లు తిరగని చదును దారిలో కాస్త వేగంగా వెళ్లి, చక్రం బిగుసుకుపోకుండా మెల్లగా బ్రేకు వేసి, దాదాపు ఆగేంత నెమ్మదయ్యాక వదిలేసి, మళ్లీ వేగం. ఇలా ఓ ఇరవైసార్లు. మావాణ్ణి మా గల్లీలోనే ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాం. అబ్బా కుర్చీ గేటు దగ్గర వేయించుకుని, కళ్లు మూసుకుని వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టాడు. మొదటి మూడుసార్లు సన్నటి అరుపు. ఏడోసారి గరగర. పన్నెండో పదమూడో, వాడు మా గేటు దాటి వెళ్లకుండానే ఆగడం మొదలైంది.

ఇరవైకి వాడు దిగి, “దాదా, చూడు” అని డిస్కు చూపించబోయాడు. “హాథ్ మత్ లగా, జలేగా,” అన్నాడు అబ్బా. అప్పుడే ఆగిన డిస్కు చేయి కాలేంత వేడిగా ఉంటుంది. తర్వాత లేచి, నల్లబడిన తెల్ల గుడ్డను కుళాయి కింద పిండి, చెయిన్ గుడ్డకు దూరంగా, తీగకు రెండో చివర ఆరేశాడు.